కమల టీచర్ నోటుపుస్తకాలు, మా విలువల కమిటీ

జనగామలో కొత్తగా ఉద్యోగంలో చేరిన నలుగురు చరిత్ర లెక్చరర్లు మొన్న మా ఇంటికి వచ్చారు. పరిశోధకుల సంఘం ఒకటి పెట్టుకుంటున్నారట. "సార్, సంఘానికి విలువల నియమావళి ఒకటి కావాలె. మీరు ఎనకట గసొంటిది రాసిండ్రట కద, జర చూపియ్యుండ్రి" అన్నారు. రాసిన మాట నిజం. రాశాననడం కూడా గొప్పకు పోవడమే, ఎత్తి రాశాను. వాళ్లకు టీ ఇచ్చి, కాగితం ఎక్కడ పెట్టానో వెతికి చెబుతానని పంపించేశాను. కాగితం బీరువాలోనే ఉంది. అది చేతికిచ్చే ముందు దాని వెనక జరిగింది కూడా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ఏ ఏడాది ఏ కాలేజీకి బదిలీ అయ్యానో, ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో మీకెందుకు? క్లాసుల్లో చెప్పిన పాఠాల గురించి కూడా రాయను, పిల్లలు వాటిని నాకంటే ముందే మర్చిపోయారు. నేను కార్యదర్శిగా పనిచేసిన చరిత్ర పరిషత్తు గురించి, అందులో మేం చేసిన ఒక పని గురించి మాత్రం రాస్తాను.

రోడ్డు మీద సెమినార్

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ అప్పుడు ఒకే జిల్లాలో ఉండేవి. ఈ మూడు చోట్లా ఉన్న లెక్చరర్లు, బడి టీచర్లు, శాసనాల పిచ్చి ఉన్న ఒకరిద్దరు గుమస్తాలు కలిసి మా పరిషత్తు. అధ్యక్షుడు రిటైరైన ప్రిన్సిపాల్. ఆయన్ని అందరం పెద్ద సార్ అనేవాళ్లం. ఎండలో గుట్టలెక్కి శాసనాలు చదివిన మనిషి, నాకు పని నేర్పిన మనిషి. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేదంతా కక్షతో రాసినట్టు ఉంటుంది. ఆయనకున్న బలహీనత ఒక్కటే, మైకు.

అందరూ నిరసనగా రోడ్ల మీద వంటావార్పూ చేస్తుంటే పండితులం మేం వెనకబడతామా? జనగామ రోడ్డు మీద షామియానా వేసి సెమినార్ పెట్టాం. పెద్ద సార్ ఇరవై ఎనిమిది పేజీల పత్రం చదవడం మొదలుపెట్టారు. రెండు దిక్కులా లారీలు ఆగిపోయాయి. పన్నెండో పేజీ దగ్గర సీఐ వచ్చి చేతులు జోడించాడు. "సార్, అరెస్ట్ చేయుమంటే చేస్త, అందర్ని మంచిగ వ్యాన్ల కూసోబెడ్త. చదువుడు మాత్రం ఆపుండ్రి. డ్రైవర్లు పరేషాన్ అయితుండ్రు" అన్నాడు. పెద్ద సార్ వ్యాన్లో కూడా నాలుగు పేజీలు చదివారు. ఆ రోజు మాతోపాటు అరెస్టయిన ఇద్దరు కల్లు గీసే అన్నలు, స్టేషన్ రాగానే మా కంటే ముందు దిగి వేరే గదిలో కూర్చున్నారు.

మీటింగ్ ఏదైనా మా ఉపన్యాసాల్లో ఒకటే మాట. మన చరిత్రను దోచుకున్నారు. అందులో అబద్ధం లేదు. మా సభ్యుడొకాయన ముళ్లకంపలు నరికి బయటపెట్టిన శాసనాన్ని, కోస్తాలో ఒక పండితుడు తన పేరుతో అచ్చువేసుకున్నాడు. మా వాడి పేరు ఎక్కడా లేదు. పెద్ద సార్ అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "వాళ్లకు విలువలు లేవు. మనకున్నయని లోకానికి చూపియ్యాలె. వచ్చే వారం సర్వసభ్య సమావేశానికి నియమావళి తయారు గావాలె" అని నాకు పురమాయించారు.

జాలర్ల నిబంధన

వారంలో విలువలు తయారు చెయ్యడం ఎలాగో నాకు తెలియలేదు. అంతకు కొన్నాళ్ల ముందు ఏదో సదస్సుకు వెళ్లినప్పుడు కోస్తా పరిశోధకుల సంఘం వాళ్ల చిన్న పుస్తకం నా సంచీలోకి వచ్చింది. తీసి చూశాను. నియమాలు చక్కగా, వరసగా ఉన్నాయి. సంఘం పేరు మార్చాను, జిల్లా పేరు మార్చాను, మిగతాది దించేశాను. జిరాక్స్ మూడు పేజీల్లో సరిపోవాలని చివరి రెండు నిబంధనలు వదిలేశాను. అవేమిటో కూడా సరిగ్గా చదవలేదు. మా శాసనాన్ని దొంగిలించారని కోపంతో మొదలైన నియమావళిని ఆ దిక్కు నుంచే దొంగిలించి తెచ్చానన్నమాట. అప్పుడు నాకు సిగ్గు వెయ్యలేదు, పని తెమిలిందని నిద్ర పట్టింది.

సమావేశంలో అందరూ చప్పట్లు కొట్టి ఆమోదించారు. చదివింది ఒక్కరే. వెనక వరసలో నుంచి ఒక టీచరమ్మ లేచింది. "సార్, ఏడో నిబంధనల సముద్రం ఒడ్డున ఊళ్లకు వోయేటోళ్లు జాలర్లు వేటకు వోని రోజులనే వోవాలె అని ఉన్నది. మన దిక్కు సముద్రం ఏడున్నది సార్?" అని అడిగింది. నేను మినిట్స్ పుస్తకంలో తల దూర్చాను. పెద్ద సార్ మాత్రం తొణకలేదు. "భవిష్యత్తుల మన పరిశోధన విస్తరిస్తదమ్మా, అప్పటికి పనికొస్తది" అన్నారు. మళ్లీ చప్పట్లు.

ఆ టీచరమ్మ పేరు కమల. మహబూబాబాద్ దగ్గర ఒక తండా బడిలో పనిచేసేది, ఆమె పుట్టింది కూడా ఆ తండాలోనే. సెలవు దొరికితే చాలు చుట్టుపక్కల తండాలకు వెళ్లి ముసలివాళ్ల పక్కన కూర్చునేది. ఏ తండా ఎప్పుడు పుట్టింది, ఏ అడవి నరికారు, ఏ దొర దగ్గర వెట్టి చేశారు, సాయుధ పోరాటంలో ఎవరు పోయారు, అన్నీ నోటుపుస్తకాల్లో రాసింది. ఎడమ పేజీలో లంబాడీ మాట తెలుగు అక్షరాల్లో, కుడి పేజీలో దాని తెలుగు. మా పరిషత్తులో సగం మంది డాక్టరేట్లకు అంత ఓపిక లేదు. నాకూ లేదు.

కేసముద్రంలో ఆగిన రైలు

ఉద్యమానికి కానుకగా పరిషత్తు ఒక పుస్తకం తేవాలనుకుంది. తండాల చరిత్ర అయితే బాగుంటుందని కమలను అడిగింది నేనే. మహబూబాబాద్ స్టేషన్‌కు వచ్చి పదకొండు నోటుపుస్తకాలు నా చేతిలో పెట్టింది. అందులో ఒకటి తెరిచి, పేజీ అంచున పై నుంచి కిందిదాకా ఉన్న ఎర్ర గీతను చూపింది.

"గీత ఉన్నకాడ అచ్చుకు పోవద్దు సార్. చెప్పినోళ్లు నన్ను నమ్మి చెప్పిండ్రు. బయటకు రానియ్యనని మాటిచ్చిన."

"అట్లనే అమ్మా, నాది పూచీ" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

నేనెక్కిన రైలు కేసముద్రంలో ఆగిపోయింది, ముందు పట్టాల మీద రైల్‌రోకో. ఉద్యమం పిల్లలు ప్రయాణికులందరికీ పులిహోర పెట్టారు. ప్లాట్‌ఫాం మీద పత్తి బేళ్లకు ఆనుకుని కూర్చుని సాయంత్రం దాకా ఆ నోటుపుస్తకాలు చదివాను. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి చదువు మరొకటి లేదు. ఎర్ర గీత ఉన్న పేజీలు కూడా చదివాను. అందులో ఒకటి కమల తండాలోనే ఉండే సక్రి అనే ముసలమ్మ చెప్పింది.

సాయుధ పోరాటం రోజుల్లో ఆమె కొత్త కోడలు. పక్కింటి సోమ్లా దళంలో ఉండేవాడు. పోలీసులు తండాను చుట్టుముట్టి సక్రి భర్త లచ్చుతో పాటు మగవాళ్లందరినీ చెట్లకు కట్టేసి కొట్టారు. మూడో రోజుకు లచ్చు సోమ్లా దాక్కున్న చోటు చూపించాడు. సోమ్లాను అక్కడే కాల్చేశారు. ఎవరు చూపించారో తండాకు తెలియలేదు. సోమ్లా భార్య ఆ దిగులుతోనే పోతే, పాలు తాగే కొడుకు దేవ్లాను సక్రి తన పిల్లలతో కలిపి పెంచింది. ఇప్పుడు దేవ్లా పెద్దమనిషి, మనవలున్నవాడు, పక్కిల్లే. సక్రిని యాడీ అని, అంటే అమ్మా అని పిలుస్తాడు. లచ్చు చచ్చిపోతూ ఒక్క భార్యకే ఈ సంగతి చెప్పాడు. ఆమె ఇన్నేళ్లకు కమలకు చెప్పింది.

నోటుపుస్తకాలు పెద్ద సార్‌కు ఇస్తూ ఎర్ర గీత సంగతి కూడా చెప్పాను. ఆయన తిరగేసి తిరగేసి సక్రి పేజీ దగ్గర ఆగారు. కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. అది నటన కాదు.

"గిదే మన పుస్తకానికి గుండెకాయ" అన్నారు.

"గీత ఉన్నది సార్. కమలమ్మ మాటిచ్చిందట."

"ఆమె ఇచ్చింది. పరిషత్తు ఇయ్యలేదు కద."

నేను కూడా ఇచ్చానని అనలేదు. ఇక రచయిత పేరు సంగతి. సంపాదకుడిగా పెద్ద సార్ పేరు అట్ట మీదకు వెళ్లింది. బడి టీచర్ పేరు వేస్తే హైదరాబాద్ వాళ్లు లెక్కచెయ్యరని ఆయన అభిప్రాయం. కోస్తా పండితుడు మా శాసనం విషయంలో సరిగ్గా ఇదే అనుకుని ఉంటాడు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది, టీ తాగేశాను.

విచారణ

లంబాడీ మాటల్లో తప్పులు చూడమని అలవాటు కొద్దీ ప్రూఫులు కమలకు పంపాను. మూడో రోజు ఆమె బస్సెక్కి జనగామ వచ్చేసింది. మా నియమావళి ప్రకారమే ఫిర్యాదు రాసి తెచ్చింది. వెంటనే ముగ్గురితో విలువల కమిటీ వేశాం. పెద్ద సార్, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న శ్రీహరి, నేను. ఫిర్యాదు మీ మీదే కదా సార్, మీరెలా కూర్చుంటారని నేను నసిగాను. "నా మీదనే కాబట్టి నాకు విషయం అందరికన్న మంచిగ ఎరుక" అన్నారు పెద్ద సార్. శ్రీహరి ఆ మాటను మినిట్స్‌లో రాసుకున్నాడు.

స్టాఫ్‌రూంలో టీలు, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. పెద్ద సార్ మెత్తగా మొదలుపెట్టారు. "అమ్మా, నీ పేరు లేకుండ పోయిందని బాధపడ్డవ్. న్యాయమే. కృతజ్ఞతల పేజీల మొదటి పేరు నీదే వేస్తం. భూపాలపల్లిల పుస్తకం ఆవిష్కరణ సభ పెడుతున్నం, అండ్ల శాలువా కప్పుతం."

"నా పేరు గురించి రాలేదు సార్. నా పేరు వెయ్యకున్నా మంచిదే. సక్రి యాడి చెప్పిన పేజీ తీసేయుండ్రి."

శ్రీహరి నియమావళి తిరగేశాడు. "సేకరించినవాళ్ల పేరు గురించి నాలుగో నిబంధన ఉన్నది మేడం. పేజీ తీసేయాలన్నదానికి నిబంధన ఏదీ లేదు."

"పేర్లు మార్చి అన్న వెయ్యుండ్రి సార్."

"తండా పేరు, సోమ్లా పేరు మారిస్తే చరిత్ర ఎట్లయితదమ్మా? కథ అయితది" అన్నారు పెద్ద సార్. "మన బతుకులను మనమే దాచిపెట్టుకుంటే ఇంక ఉద్యమం ఎందుకు? గిప్పుడు పుస్తకం ఆగితే ఎవలకు లాభం, నువ్వే ఆలోచన చెయ్యి."

ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన నా వైపు చూశారు. ఆ రోజుల్లో ఉద్యమ ద్రోహి అన్న ముద్ర పడడానికి పెద్దగా ఏమీ చెయ్యక్కర్లేదు. చందా ఇవ్వడం ఆలస్యమైనా పడేది. నాకు భయం వేసింది.

కమల కూడా నా వైపే తిరిగింది. "సార్, మీరు నాది పూచీ అన్నరు కద."

"కమిటీ నిర్ణయం అమ్మా" అన్నాను. నేనే కమిటీలో ఒకణ్ణి.

"దేవ్లా గది చదివితే ఏమైతదో మీకెరుకేనా సార్? ఆ ముసలామెకు గా ఒక్క కొడుకే దిక్కు. సొంత కొడుకులు ఎప్పుడో వోయిండ్రు. పొద్దున మాపున బువ్వ పెట్టేది ఆయననే."

బిస్కెట్ల ప్లేటు ఆమె వైపు జరిపారెవరో. ముగ్గురం సంతకాలు పెట్టిన తీర్మానం ఇదీ: రచయిత పేరు విషయంలో స్వల్ప సమాచార లోపం జరిగినది, సవరించబడినది, ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కారమైనది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి కోస్తా వాళ్ల పుస్తకం తీశాను. జాగా చాలక నేను వదిలేసిన రెండు నిబంధనల్లో ఒకటి చందాల గురించి. రెండోది, చెప్పినవారు వద్దన్న మాటను ఏ కారణం చేతనైనా అచ్చు వేయరాదని. పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాను. పుస్తకం అచ్చుకు పోవడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజుల్లో ప్రెస్సుకు మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ అట్ట రంగు గురించే మాట్లాడి వచ్చాను.

భూపాలపల్లి

బొగ్గు గని కార్మికుల హాల్లో ఆవిష్కరణ సభ. గులాబీ కండువాలు, డప్పులు, నినాదాలు. పుస్తకం వెనక అట్ట మీద మా నియమావళి మొత్తం అచ్చయింది, జాలర్ల నిబంధనతో సహా. ముఖ్య అతిథి పుస్తకాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు. పెద్ద సార్ కాగితం ముక్క పెట్టి ఇచ్చిన పేజీ తెరిచి గట్టిగా చదివాడు. అది సక్రి పేజీ. చాలాసేపు చప్పట్లు. నా పక్కన కూర్చున్న గని కార్మికుడు ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకొచ్చిందో ఆయనకు చెప్పలేకపోయాను. శాలువా కోసం కమల పేరు పిలిచారు. ఆమె రాలేదు.

ఆమె ఎందుకు రాలేదో తర్వాత తెలిసింది. కమిటీ తీర్మానం అయిన మర్నాడే తండాకు వెళ్లి సక్రి కాళ్ల దగ్గర కూర్చుని జరిగింది చెప్పింది. ముసలమ్మ కర్ర పట్టుకుని తానే పక్కింటికి వెళ్లింది. పుస్తకం రాకముందే దేవ్లాకు అంతా తన నోటితో చెప్పింది. మా సభ జరుగుతున్న పూటకు, అరవై ఏళ్లుగా గోడ కూడా లేని ఆ రెండు వాకిళ్ల మధ్య దేవ్లా ముళ్లకంప వేయడం అయిపోయింది.

మా పుస్తకానికి మంచి సమీక్షలు వచ్చాయి.

తండా

రాష్ట్రం వచ్చింది. మేమూ రంగులు చల్లుకున్నాం, ఆ సంతోషం అబద్ధం కాదు. పెద్ద సార్ అప్పటికి నడవలేకపోతున్నారు. కొత్త రాష్ట్రానికి కొత్త సంపుటం తేవాలని, కమల దగ్గర మిగిలిన నోటుపుస్తకాలు తెమ్మని నన్ను పంపారు. మొదటి పదకొండూ అంతకుముందే ఆమె మనిషిని పంపి వాపసు తీసుకుంది.

కొత్తవాళ్లకు ఒక మాట ఇక్కడే చెబుతాను. పుస్తకంలో పేరు వేయడమంటే గౌరవం కోసమని మేమంతా అనుకున్నాం. దాని కోసమే కొట్లాడాం, దాన్నే శాలువాతో సర్దేశాం. కమల పేరు అట్ట మీద ఉండి ఉంటే, ఏ పేజీ పోవాలో ఏది ఆగాలో ఆమెను అడగక తప్పేది కాదు. పేరు తీసేయడంతోనే ఆ అడగాల్సిన బాధ్యత కూడా మాకు తప్పిపోయింది, మాకు కావాల్సిందీ అదే. మీ నియమావళిలో ఎన్ని నిబంధనలు పెట్టుకున్నా, ఫిర్యాదు ఎవరి మీదో వాళ్లే కమిటీలో కూర్చుంటే ఆ కాగితం పొట్లాలకు పనికొస్తుంది. నాలాంటి కార్యదర్శులు అంతకంటే ప్రమాదం. పెద్ద సార్ తాను చేసేది సరైనదని నమ్మి చేశారు. నేను తప్పని తెలిసి చేశాను.

కమల బడి వదిలే వేళకు వెళ్లాను. నన్ను చూసి కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. నోటుపుస్తకాల మాట ఎత్తాను.

"లేవు సార్. ఎవలు చెప్పినయి వాళ్లకిచ్చేసిన. కొందరు పెట్టెల పెట్టుకున్నరు. కొందరు పొయ్యిల పెట్టిండ్రు."

"అయ్యో, అంత పని ఎందుకు చేసినవమ్మా? ఎంత చరిత్ర!"

"వాళ్ల మాటలు వాళ్లకిచ్చిన. ఇంటింటికి వోయి మాట తప్పిన అని చెప్పిన. తప్పింది నేనే కద సార్, మీకిచ్చింది నేనే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "తప్పు నాదమ్మా. నన్ను క్షమించు" అన్నాను. అంత సులువుగా ఆ మాట వస్తుందని తెలిస్తే ముందే అనేవాణ్ణి.

"నన్నెందుకు అడుగుతుండ్రు? నడువుండ్రి" అని లేచింది.

సక్రి వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. పక్కనే ముళ్లకంప ఎండి నల్లబడింది. కంపకు అవతల దేవ్లా బర్రెకు గడ్డి వేస్తున్నాడు, ఇటు చూడలేదు. కమలే రోజూ ముసలమ్మకు బువ్వ తెచ్చి పెడుతోందని అప్పుడే తెలిసింది. "యాడీ, పుస్తకం సార్ వచ్చిండు" అంది కమల.

నేను మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. కమలమ్మ వద్దన్నదని, అచ్చు వేయనని నేనూ మాటిచ్చానని, ఆపగలిగి కూడా ఆపలేదని, తప్పయిందని చెప్పాను. ముసలమ్మ చూపు సరిగ్గా ఆనడం లేదు. చెయ్యి చాపి నా భుజం తడిమింది, చొక్కా తడిమింది, వీపు మీద అరచేయి పెట్టి మెల్లగా కిందిదాకా నిమిరింది. ఏదో వెతుకుతున్నట్టు అనిపించింది.

"మా ఆయన మూడొద్దులు దెబ్బలు తిని చెప్పిండు సారూ" అంది. "నిన్నెవలు కొట్టిండ్రు?"